బీఎండబ్ల్యూ ఎం4కు కార్బన్ సిరామిక్ బ్రేకులు: పెట్టించే ముందు చూసుకోవాల్సినవి

కార్బన్ సిరామిక్ బ్రేకులతో బండి తక్కువ దూరంలో ఆగుతుందని మాత్రం కొనకండి. నార్కట్‌పల్లి దాటాక ఎన్‌హెచ్-65 మీద బర్రె అడ్డమొస్తే బండిని ఆపేది టైరు పట్టు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కొట్టుకునేంత గట్టిగా మామూలు ఇనుప డిస్కు కూడా పట్టగలదు. అందుకే ఒక్కసారి బ్రేకు తొక్కినప్పుడు రెండింటికీ తేడా దాదాపు తెలియదు. తేడా వచ్చేది మళ్లీ మళ్లీ గట్టిగా తొక్కి డిస్కు బాగా కాలినప్పుడు. మన దిక్కు అట్లాంటి చోటంటే దోమలపెంట దాటాక కృష్ణలోకి దిగే ఘాటే గుర్తొస్తుంది. కానీ అది పులుల అడవి, వేగంగా పోయే దారి కాదు. గేరు తగ్గించి ఇంజన్‌తో పట్టి దిగితే ఇనుప డిస్కులే చాలు.

మరి లాభం ఏమిటంటే ముఖ్యంగా బరువు. కార్బన్ పోగులతో చేసిన చట్రంలోకి కరిగిన సిలికాన్‌ను ఎక్కించి తయారుచేస్తారు కాబట్టి అదే సైజు ఇనుప డిస్కులో సగం బరువే ఉంటుంది. పోర్షే 2001లో 911 జీటీ2కు ఇచ్చినప్పటి నుంచి ఇదే వీటి గొప్ప. స్ప్రింగుకు కింద బరువు తగ్గితే చక్రం గతుకుల మీద త్వరగా సర్దుకుంటుంది, స్టీరింగ్ తేలికవుతుంది. తుప్పు లేదు, రిమ్ముల మీద నల్ల పొడి చాలా తక్కువ. ఈ మూడూ రోజూ కంటికీ చేతికీ తెలిసేవే.

ఇప్పటి ఎం3, ఎం4లకు మామూలుగా వచ్చే డిస్కులు ముందు 380, వెనుక 370 మి.మీ. సిరామిక్ సెట్టు ముందు 400, వెనుక 380 మి.మీ., ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్లు బంగారు రంగువి. కాబట్టి డిస్కులొక్కటే మార్చి ఊరుకునే పని కాదు. క్యాలిపర్లు, ప్యాడ్లు, సెన్సర్లు అన్నీ ఆ సెట్టువే కావాలి. ఇనుముకు చేసిన ప్యాడ్లు సిరామిక్ డిస్కుకు వేస్తే డిస్కు పాడవుతుంది, పట్టూ సరిగా రాదు. ముందు రిమ్ము 19 అంగుళాలకు తగ్గకూడదు. బయటి రిమ్ములు వేసుకున్నవాళ్లు క్యాలిపర్‌కూ పుల్లలకూ మధ్య ఎంత సందుందో ఆర్డరుకు ముందే కొలవాలి.

బిగించేటప్పుడు తేలిగ్గా తప్పిపోయేవి రెండు. మొదటిది, వెనుక క్యాలిపర్ విప్పే ముందు ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేకును సర్వీస్ మోడ్‌లో పెట్టడం. పెట్టకుండా పిస్టన్‌ను నెడితే మోటారు పోతుంది. రెండోది, ఈ బండ్లలో బ్రేకు పెడలుకూ ఆయిల్ ఒత్తిడికీ నడుమ కంప్యూటర్ ఉంటుంది. కాబట్టి బ్రేకు పైపుల్లోని గాలి తీయడానికీ, కొత్త బ్రేకులను బండికి తెలపడానికీ కంపెనీ డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ కావాలి. అది లేని షెడ్డులో పని మొదలుపెట్టించొద్దు. బ్రేకు ఆయిల్ డాట్ 4 తక్కువ చిక్కదనం రకం. సిలికాన్‌తో చేసిన డాట్ 5 పోస్తే సీళ్లు, ఏబీఎస్ యూనిట్ దాకా కష్టాలే. డిస్కు కూర్చునే హబ్బు ముఖం మీద పాత తుప్పును వైరు బ్రష్‌తో పూర్తిగా గీకాలి. కొంచెం మిగిలినా డిస్కు వంకరగా కూర్చుని పెడలు వణుకుతుంది.

బిగించే ముందే ఒక్కో డిస్కును తూకం వేసి రాసి పెట్టుకోండి. ఈ డిస్కుల అరుగుదలను మందంతో కాదు, బరువుతో చూస్తారు. వేడికి లోపలి కార్బన్ కాలిపోయి డిస్కు తేలికవుతుంది, పైకి మాత్రం మందం అట్లే కనపడుతుంది. కనీస బరువు డిస్కు మధ్య టోపీ మీద ముద్రించి ఉంటుంది. తర్వాత తూచేటప్పుడు కడిగి, పూర్తిగా ఆరబెట్టి తూచాలి.

ఇక అసలు భయం పంచర్ షాపు. ఈ కార్లకు చక్రాన్ని పట్టేవి నట్లు కావు, బోల్టులు. చివరి బోల్టు తీయగానే బరువైన చక్రం జారి డిస్కు అంచు మీద పడుతుంది. ఇనుముకైతే గీతతో సరిపోతుంది, సిరామిక్ అంచు మాత్రం చిట్లిపోతుంది. డిక్కీలో 14 మి.మీ. మర ఉన్న గైడ్ పిన్నులు రెండు పెట్టుకోండి. పై బోల్టులు తీసి ఆ చోట పిన్నులు బిగించి, తర్వాత మిగతావి తీసి, చక్రాన్ని వాటి మీదుగా నిటారుగా బయటికి లాగించాలి. ఎక్కించేటప్పుడూ అంతే. చివరి బిగింపు గన్నుతో కాదు, బిగింపు కొలిచే టార్క్ పానాతో 140 న్యూటన్ మీటర్లకు. పిన్నులు వాడనంటే ఆ షాపులో చక్రం ముట్టనివ్వకండి.

నల్లగొండ దిక్కు క్రషర్ల దగ్గర టిప్పర్ల నుంచి రాలిన కంకర ఇంకో ప్రమాదం. చిన్న రాయి డిస్కుకూ దాని వెనుక రేకు షీల్డుకూ మధ్య ఇరుక్కుంటే కీచుమని అరుస్తుంది. ఆ శబ్దంతో పోనీయకుండా ఆగి తీయించాలి. యాసిడ్ ఉన్న రిమ్ము క్లీనర్ వద్దు. కడిగాక గానీ వానలో గానీ మొదటిసారి తొక్కినప్పుడు పట్టు అరక్షణం ఆలస్యంగా వస్తుంది. తడి ఆరేదాకా రెండు మూడుసార్లు మెల్లగా తొక్కుతూ పోవాలి.

ధర సంగతి: కొత్త కారుతో పాటు ఆప్షన్‌గా తీసుకుంటేనే అమెరికాలో 8 వేల డాలర్లు దాటుతుంది. ఇక్కడ విడిగా తెప్పిస్తే సుంకం, బిగింపు అదనం. కొత్త బండి బుక్ చేస్తుంటే, డబ్బుకు ఇబ్బంది లేకుంటే ఫ్యాక్టరీలోనే పెట్టించుకోండి, మంచి సరుకు. తర్వాత మార్పించాలనుకునేవాళ్లకు మాత్రం మా సలహా వేరు. చెన్నై, కోయంబత్తూరు రేసు ట్రాకులకు తరచూ పోయేవాళ్లు ఇనుప డిస్కులకే ఎక్కువ వేడి తట్టుకునే ప్యాడ్లు, కొత్త ఆయిల్ వేయించుకోవడం మేలు. ట్రాకు వేడికి సిరామిక్ డిస్కు బరువు కరుగుతుంది, మార్చాల్సి వస్తే ఖర్చు మోయలేం. మహబూబ్‌నగర్, జడ్చర్ల నుంచి హైదరాబాద్‌కు తిరిగేవాళ్లకైతే మంచి టైర్లే ముందు.

అయినా పెట్టిస్తే, బిగించకముందే ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి, పార్టు నంబర్లున్న బిల్లు దాచండి. తీసిన ఇనుప సెట్టును బోల్టులతో సహా మూట కట్టి ఉంచండి. బండి అమ్మేటప్పుడు కొనేవాడు సిరామిక్ వద్దంటే అవే ఎక్కించి ఇవ్వవచ్చు.