అటాచ్‌మెంట్లు తీసి మెయిల్‌బాక్స్ తేలిక చేస్తామనే సాఫ్ట్‌వేర్లు కొనేవారికి హెచ్చరిక

కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ వంటి ఈమెయిల్ ప్రోగ్రాము వాడేవారు దయచేసి ఇది చదవండి. మెయిళ్లలోని అటాచ్‌మెంట్లన్నీ ఒకేసారి బయటకు తీసి, ఫోల్డర్‌లో దాచి, మెయిల్‌బాక్స్ బరువు తగ్గిస్తామనే సాఫ్ట్‌వేర్ ఒకటి 1,900 రూపాయలు పెట్టి కొన్నాను. నిలువునా మునిగాను.

నాది పుస్తకాల డీటీపీ పని. రచయితలు రాతప్రతులు, బొమ్మలు మెయిల్‌లోనే పంపుతారు. మెయిల్‌లో అటాచ్‌మెంటు బేస్64 పద్ధతిలో అక్షరాలుగా మారుతుంది. మూడు బైట్లు నాలుగవుతాయి. 9 ఎంబీ బొమ్మ 12 ఎంబీకి పైగా చోటు తింటుంది. ఏడేళ్ల మెయిళ్లు అలా పేరుకుపోవడంతో ఆ ప్రకటన నమ్మాను.

రాత్రి పని అప్పగించి పొద్దున ఫోల్డర్ తెరిస్తే ఫైళ్ల పేర్లన్నీ గీతలు. తెలుగు అక్షరం ఉన్న ప్రతిచోటా ఒక అడుగుగీత పెట్టింది. 'ముందుమాట', 'చివరిమాట' అనే పేర్లు గుణింతపు గుర్తులతో కలిపి కంప్యూటర్ లెక్కలో ఎనిమిదేసి అక్షరాలే. రెండూ ఎనిమిది గీతలయ్యాయి. పేరు ఒకటే కావడంతో వెనక వచ్చిన ఫైలు ముందున్నదాన్ని చెరిపేసి ఆ చోట కూర్చుంది. నన్ను అడగలేదు, పేరు చివర అంకె కూడా తగిలించలేదు. దాదాపు ప్రతి రచయితా 'ముందుమాట' అనే పేరుతోనే కదా పంపేది! అన్నిటికీ కలిపి మిగిలింది ఒక్క ఫైలు. తెరిస్తే ఎవరిదో చివరిమాట.

అసలువి మెయిళ్లలో ఉంటాయిలే అనుకున్నాను. లేవు. వాటి స్థానంలో డి డ్రైవ్‌కు దారి చూపే లింకులున్నాయి. నా ఖాతా, కంప్యూటర్‌లోనూ సర్వర్‌లోనూ మెయిళ్లను ఒకేలా ఉంచే ఐమ్యాప్ పద్ధతిలో నడుస్తుంది కనుక ఇక్కడ చేసిన మార్పు సర్వర్‌లోనూ జరిగిపోయింది. ఫోనులో చూసినా అంతే.

అమ్మినవారిని అడిగితే, ఇంగ్లీషు పేర్లకే పనిచేస్తుందని షరతుల్లో రాశామన్నారు. డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఇతర భాషల్లోని ఫైలు పేర్లు మెయిల్‌లో చెడకుండా పంపే పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ 2231 అనే ఇంటర్నెట్ ప్రమాణపత్రంగా 1997లోనే వచ్చింది. ఇప్పటికీ దాన్ని పట్టించుకోని సరుకును మనకు అమ్మడం అన్యాయం.

అసలు థండర్‌బర్డ్‌లోనే అటాచ్‌మెంటును డిస్కులో దాచి మెయిల్‌లోంచి తీసేసే 'డిటాచ్' సదుపాయం ఉచితంగా ఉంది. తీసేసేముందు, ఇక వెనక్కి తేలేమని హెచ్చరిస్తుంది కూడా. అయినా ఇలాంటిది కొనాలనుకుంటే, మెయిళ్లు పూర్తిగా కంప్యూటర్‌లోకి దిగాయో లేదో చూసుకుని థండర్‌బర్డ్ మెయిళ్లన్నీ దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్‌ను బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. తర్వాత ఒకే తెలుగు పేరున్న రెండు వేర్వేరు ఫైళ్లను మీకు మీరే పంపుకుని, ఆ రెండు మెయిళ్ల మీదే పరీక్షించండి. తెలుగు పేరు చెడకుండా, ఒకదాన్నొకటి చెరపకుండా రెండు ఫైళ్లూ బయటకు రాకపోతే దాని జోలికి వెళ్లవద్దు.

నాకు కొన్ని పాత మెయిళ్లు సర్వర్ చెత్తబుట్టలో దొరికాయి. మిగతావాటి కోసం రచయితలకు ఒక్కొక్కరికీ ఫోను చేస్తున్నాను. ఇప్పటికే మీట నొక్కేసినవారు ముందు ఆ చెత్తబుట్ట చూడండి. జీమెయిల్‌లో అయితే అందులో చేరినవి 30 రోజుల తర్వాత ఉండవు.