సిగ్నల్ దగ్గర ఆగిపోయే పాత కారు: ఐడిలింగ్ పెంచాలా, క్లీనింగా, స్కానింగా, పార్టు మార్చాలా?

కిందటేడు మార్చిలో ఒక 2011 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికి తిరిగింది 81,000 కిలోమీటర్లు. రెండు నెలలు ఏ పేచీ లేకుండా నడిచింది. మే ఎండల్లో మొదలైంది గొడవ. విజయవాడ బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర బ్రేకు వేసి, క్లచ్ తొక్కి, న్యూట్రల్ చేశానో లేదో ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోయి ఇంజను ఆగిపోయేది. సెల్ఫ్ కొడితే మళ్లీ వెంటనే అందుకునేది. ఏసీ వేసి ఉంటే ఇది మరీ ఎక్కువ. వెనక హారన్లు, పక్క సీట్లో అమ్మకు టెన్షన్.

దీన్ని చిన్న ఇబ్బంది అనుకుని చాలామంది నెలల తరబడి నెట్టుకొస్తారు. దయచేసి అలా చేయకండి. ఇంజను ఆగిందంటే పవర్ స్టీరింగ్ బిగుసుకుపోతుంది. బ్రేకుకు బలం ఇచ్చే బూస్టర్ ఇంజను లాగే వాక్యూమ్ మీదే పనిచేస్తుంది కాబట్టి, ఒకటి రెండుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా అవుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే హారన్లతో పోతుంది. ఫ్లైఓవర్ దిగుతూ, కాలు ఎక్సలేటర్ మీద నుంచి తీసిన క్షణాన ఆగితే సంగతి వేరు.

ఎవర్ని అడిగినా నాలుగు దారుల్లో ఏదో ఒకటి చెప్పారు. అందులో మూడు నా బండి మీద జరిగాయి, నాలుగోది జరగబోయి ఆగింది. అందుకే ఏది ఎప్పుడు మేలో కొంచెం వివరంగా చెప్పగలను.

మొదటిది, ఐడిలింగ్, అంటే ఎక్సలేటర్ మీద కాలు లేనప్పుడు ఇంజను తిరిగే వేగం, పెంచేయడం. ఇంటి దగ్గర మెకానిక్ చేసింది ఇదే. పది నిమిషాల పని, 100 రూపాయలు. ఇంజనులోకి వెళ్లే గాలిని ఎక్కువ తక్కువ చేసే రేకు (త్రాటిల్) పక్కనున్న చిన్న స్క్రూని స్క్రూడ్రైవర్‌తో తిప్పాడు. 700 దగ్గర వణుకుతున్న ముల్లు 1,300 దగ్గర నిలబడింది. ఆ పూట బండి ఆగలేదు, నాకూ సంతోషమే.

కానీ ఆ స్క్రూ ఐడిలింగ్ కోసం పెట్టింది కాదు. త్రాటిల్ రేకు పూర్తిగా మూసుకుని గోడకు అతుక్కుపోకుండా, ఎక్కడ ఆగాలో చెప్పడానికి కంపెనీలో సెట్ చేసి పెయింట్ చుక్కతో సీల్ చేస్తారు. కార్బురేటర్ రోజుల్లో ఐడిలింగ్ స్క్రూ తిప్పడం సరైన పద్ధతే. ఇంజెక్షన్ బండ్లలో ఐడిలింగ్ పని ఈసీయూది, అంటే ఇంజనును నడిపించే కంప్యూటర్‌ది. కేబుల్ త్రాటిల్ ఉన్న బండ్లలో రేకు పక్కనుంచి వెళ్లే ఒక చిన్న దారిని ఐడిల్ కంట్రోల్ వాల్వ్ తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ఏసీ కంప్రెసర్ అందుకోగానే ఇంకాస్త తెరుస్తుంది, స్టీరింగ్ తిప్పితే ఇంకాస్త. స్క్రూ తిప్పి రేకును కొంచెం తెరిచి ఉంచితే, డ్రైవర్ కాలు ఎక్సలేటర్ మీదే ఉందని ఈసీయూ అనుకోవచ్చు. అలా అనుకుంటే ఐడిలింగ్ సర్దుబాటే మానేస్తుంది. నా బండి ట్రాఫిక్‌లో కాలు తీసినా ముందుకు లాగడం మొదలైంది, పెట్రోలు ఖర్చు పెరిగింది, పది రోజుల తర్వాత ఏసీ వేసినప్పుడు మళ్లీ ఆగింది. నాలుగు దారుల్లో ఎప్పటికీ వద్దని నేను చెప్పేది ఇదొక్కటే. జబ్బు పోదు, తర్వాత చూసే మెకానిక్‌కు కనపడాల్సిన గుర్తులు కూడా చెరిగిపోతాయి.

రెండోది క్లీనింగ్. ఇంకో గ్యారేజీలో 800 తీసుకుని త్రాటిల్ బాడీ విప్పారు. దగ్గరుండి చూశాను. రూపాయి బిళ్ల రంగులో ఉండాల్సిన రేకు అంచు చుట్టూ నల్లటి జిడ్డు, వేలితో గీస్తే తారులా అంటుకుంది. ఇంజను అడుగు భాగమైన క్రాంక్ కేసు నుంచి వచ్చే నూనె ఆవిరిని ఇంజను మళ్లీ లోపలికే పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి అది రేకు అంచుకూ, ఐడిల్ వాల్వ్ దారికీ పట్టేస్తుంది. స్పీడులో వెళ్లేటప్పుడు రేకు బాగా తెరుచుకుంటుంది కాబట్టి ఈ జిడ్డు లెక్కలోకి రాదు. ఐడిలింగ్‌లో ఇంజను పీల్చేది వెంట్రుకవాసి సందులోంచి. అక్కడ పొర పేరుకుంటే ఊపిరాడదు. నడిచేటప్పుడు పికప్ బాగుండి, ఆగినప్పుడు మాత్రమే ఆఫ్ అయ్యే బండిలో మొదటి అనుమానం ఈ జిడ్డు మీదే పెట్టాలి.

శుభ్రం చేశాక బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ కాసేపు తీసి పెట్టారు. తర్వాత ఎక్సలేటర్ ముట్టుకోకుండా స్టార్ట్ చేసి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా వదిలేసి, ఆ పైన ఏసీ వేసి మరో ఐదు నిమిషాలు ఉంచారు. జిడ్డు ఉన్నప్పటి లెక్కలు ఈసీయూ మర్చిపోయి కొత్తవి నేర్చుకోవడానికి ఇది. పద్ధతి మోడల్‌ని బట్టి మారుతుంది, కొన్నింటికి స్కానర్‌తోనే చేయాలి. ఈ మెట్టు వదిలేస్తే క్లీనింగ్ బాగా చేసినా ఐడిలింగ్ ఎగుడుదిగుడుగా ఉండి, పని పాడుచేశారేమో అనిపిస్తుంది.

ఇంట్లో చేసుకునేవాళ్లకు రెండు జాగ్రత్తలు. ఎలక్ట్రానిక్ త్రాటిల్ ఉన్న బండిలో రేకును వేలితో బలవంతంగా నెట్టకండి, లోపల ప్లాస్టిక్ పళ్లచక్రాలుంటాయి. కార్బ్ క్లీనర్ స్ప్రేను ఎయిర్‌ఫ్లో సెన్సర్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచేది) మీద కొట్టకండి, దానికి వేరే క్లీనర్ ఉంది.

క్లీనింగ్ తర్వాత దాదాపు మూడు నెలలు బండి హాయిగా నడిచింది. సెప్టెంబరు వర్షాల్లో మళ్లీ ఆగడం మొదలైంది. నేను పొరపడింది ఇక్కడే. మళ్లీ అదే జబ్బు అనుకున్నాను. గ్యారేజీ వాళ్లూ అదే అనుకుని ఇంకోసారి శుభ్రం చేశారు. మార్పు లేదు. తర్వాత తీసుకెళ్లిన సర్వీస్ సెంటర్‌లో పాత క్లీనింగ్ కథంతా విని, "అయితే త్రాటిల్ బాడీ అరిగిపోయిందండీ, మొత్తం అసెంబ్లీ మార్చాలి" అన్నారు. ఎస్టిమేటు 14,200. అదీ నాలుగో దారి. దాదాపు ఒప్పుకున్నాను కూడా.

ఆ రోజు మామయ్య ఆపి, ఆటోనగర్‌లో తనకు తెలిసిన పెద్ద మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లారు. "ముందు స్కానింగ్ చేయించు, తర్వాత చూద్దాం" అన్నారు. అది మూడో దారి.

మేస్త్రీ గారు బానెట్ కూడా తీయకుండా మొదట అడిగింది ఒక్కటే. "ఆగేముందు ఏమవుతోంది బాబూ?" ఆలోచిస్తే తేడా అప్పుడు తట్టింది. మే నెలలో ముల్లు ఒక్కసారిగా కూలిపోయేది. ఇప్పుడు 600కీ 1,100కీ మధ్య ఊగిఊగి ఆగుతోంది. పైకి ఫిర్యాదు ఒకటే, లోపల జబ్బు వేరు. నాలుగు నెలలుగా ఇది నన్ను ఎవరూ అడగలేదు, నేనూ గమనించలేదు.

స్టీరింగ్ కింద పోర్టుకు స్కానర్ తగిలించారు. ఈసీయూ గుర్తించి దాచుకున్న తప్పుల కోడ్ ఏమీ లేదు. చాలాచోట్ల స్కానింగ్ ఇక్కడితో ఆగిపోతుంది. "కోడ్ లేదు, బండి బాగానే ఉంది" అని 500 తీసుకుని పంపేస్తారు. ఈయన లైవ్ డేటా తెరిచారు. అందులో ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక లైను ఉంటుంది. గాలికి తగ్గట్టు పెట్రోలును ఈసీయూ ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో అది చెబుతుంది. సున్నాకు అటూ ఇటూ ఐదారు శాతం అయితే దిగులు లేదు. నా బండిలో ఐడిలింగ్ దగ్గర లాంగ్ టర్మ్ ట్రిమ్ (ఈసీయూ కొంతకాలంగా నేర్చుకున్న సర్దుబాటు) ప్లస్ 21 శాతం చూపించింది. 2,500 ఆర్‌పీఎం దాకా రేస్ చేసి పట్టుకుంటే 4కు దిగింది. "ఎక్కడో దొంగగాలి లాగుతోంది" అన్నారు మేస్త్రీ గారు. సెన్సర్ కొలవని గాలి లోపలికి వస్తోందన్నమాట. ఐడిలింగ్‌లో ఇంజను పీల్చేదే కొంచెం, అందులో ఆ దొంగగాలి పెద్ద వాటా. రేస్ చేస్తే అసలు గాలి పెరిగి దాని వాటా చిన్నదైపోతుంది.

తర్వాత ఆయన నోస్ ప్లయర్ మూతికి గుడ్డ చుట్టి, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు (త్రాటిల్ దాటాక గాలిని సిలిండర్లకు పంచే గొట్టాలకు) వచ్చే రబ్బరు పైపుల్ని ఒక్కొక్కటే నొక్కుతూ వచ్చారు. మూడో పైపు దగ్గర ఇంజను శబ్దం మారింది. క్రాంక్ కేసు ఆవిరి వెళ్లే పైపు అది, కింద వంపు దగ్గర కంటికి కనపడని చోట అడ్డంగా పగిలి ఉంది. బొటనవేలు ఆ పగులు మీద పెట్టారు. ఊగుతున్న ముల్లు 750 దగ్గర కదలకుండా నిలబడింది. వేలు తీస్తే మళ్లీ ఊగింది. ఆ దృశ్యం చూశాక నాకు ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

కొత్త పైపు 220, లేబర్, స్కానింగ్ కలిపి 600. ఎవరో తిప్పిన స్క్రూని కూడా త్రాటిల్ సెన్సర్ రీడింగు చూసుకుంటూ వెనక్కి తెచ్చారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నా బండిలో ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉంది కాబట్టి లీకు ట్రిమ్‌లో అంత స్పష్టంగా దొరికింది. చాలా చిన్న కార్లలో దానికి బదులు మానిఫోల్డ్ ప్రెషర్‌ను కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. అలాంటి బండిలో దొంగగాలిని కూడా ఈసీయూ లెక్కలోకి తీసుకుని పెట్రోలు వేసేస్తుంది. ఐడిలింగ్ పెరుగుతుంది తప్ప ట్రిమ్ పెద్దగా కదలకపోవచ్చు. అక్కడ స్కానర్ కంటే ప్లయర్, చెవి ఎక్కువ పనికొస్తాయి.

ఈ రోజుల్లో తప్పంతా ఇథనాల్ పెట్రోలు మీదికి తోసేయడం మామూలైంది. 2023కు ముందు బండ్లు చాలావరకు 20 శాతం ఇథనాల్ కోసం తయారైనవి కావు, పాత రబ్బరు మీద దాని ప్రభావం గురించి జాగ్రత్త పడటం న్యాయమే. కానీ ఇథనాల్ వల్ల వచ్చే ట్రిమ్ తేడా అన్ని ఆర్‌పీఎంల దగ్గరా ఉంటుంది, ఐడిలింగ్ దగ్గర మాత్రమే కాదు.

మరి ఏది మేలు? నడిచేటప్పుడు బాగుండి ఆగినప్పుడే పడిపోతూ, ఏసీ వేస్తే ఎక్కువవుతూ, ఈమధ్య త్రాటిల్ ఎవరూ శుభ్రం చేయని బండి అయితే నేరుగా క్లీనింగ్‌కే వెళ్లండి. ఎలాగూ చేయించాల్సిన పనే, ఖర్చు తక్కువ. అది ఒకసారి అయ్యాక కూడా ఆగితే రెండోసారి క్లీనింగ్‌కు ఒప్పుకోవద్దు, స్కానింగే. అదీ కోడ్లతో సరిపెట్టకుండా లైవ్ డేటా చూసేవాళ్ల దగ్గర. ఐడిలింగ్ ఊగుతుంటే, బానెట్ కింద బుస్సుమని శబ్దం వినిపిస్తుంటే క్లీనింగ్ కంటే ముందే పైపులు చూడమనండి.

కొన్ని గుర్తులుంటే లెక్క వేరు. ఇంజను బాగా వేడెక్కాకే ఆగి, అరగంట చల్లారితే గానీ స్టార్ట్ కాకపోతే ఇంజను తిరిగే తీరును కనిపెట్టే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం పెట్టాలి. ట్యాంకు నింపిన వెంటనే ఇబ్బంది పెడుతుంటే ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజనులోకి వదిలే పర్జ్ వాల్వ్. బంకులో క్లిక్ మన్న తర్వాత కూడా నింపించే అలవాటుంటే మానేయండి, పెట్రోలు ఆ ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు క్యానిస్టర్‌లోకి పోతుంది. గ్యాస్ మీద మాత్రమే ఆగి, పెట్రోలు మీద బాగుంటే గ్యాస్ కిట్ చూసేవాళ్ల దగ్గరికే వెళ్లాలి. 60 స్పీడులో కూడా ఆగిపోతుంటే అది ఐడిలింగ్ సమస్యే కాదు, ఫ్యూయల్ పంపు, వైరింగు, ఇగ్నిషన్ చూడాలి. ఆ బండిని నడుపుకుంటూ వెళ్లకండి.

పార్టు మార్చడం ఎప్పుడూ తప్పని అనను. త్రాటిల్ షాఫ్టు ఆడుతుంటే, ఐడిల్ వాల్వ్ కరెంటు ఇచ్చినా కదలకపోతే మార్చక తప్పదు. మార్చమన్నవాళ్లని "అది పోయిందని దేన్ని చూసి చెబుతున్నారండీ?" అని మర్యాదగా అడగండి. ఒక రీడింగో, ఒక పరీక్షో చూపించగలిగితే డబ్బు పెట్టండి. కేబుల్ రకం త్రాటిల్ బాడీ అయితే అదే మోడల్‌ది ఆటోనగర్‌లో పాతది తీసుకుని శుభ్రం చేయించి వాడుకోవచ్చు. సెన్సర్లు మాత్రం పాతవి వద్దు, ఎన్నాళ్లు పనిచేస్తాయో చూసి చెప్పలేం.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్ బండి చూస్తున్నవాళ్లు చల్లటి ఇంజను మీద స్టార్ట్ చేయించి, పది నిమిషాలు ఐడిలింగ్‌లోనే ఉంచండి. తర్వాత ఏసీ, హెడ్‌లైట్లు వేసి స్టీరింగ్ ఒకవైపు బాగా తిప్పండి. ముల్లు ఒక క్షణం తగ్గి మళ్లీ నిలబడాలి. బానెట్ ఎత్తి త్రాటిల్ పక్కన స్క్రూ మీద పెయింట్ చుక్క చెదిరిందేమో కూడా చూడండి. చెదిరి ఉంటే ఎవరు తిప్పారో, ఎందుకు తిప్పారో అడిగాకే ధర మాట్లాడండి.