కారు ప్యాకేజీ పాలసీ రివ్యూ: విశాఖ బండికి ఏ లైన్లో డబ్బు పెట్టాలి, ఏది కొట్టేయాలి

రెన్యువల్ కొటేషన్ రాగానే అందరి కళ్లూ అడుగున ఉన్న మొత్తం మీదకే పోతాయి. ఏజెంటైనా యాప్ అయినా తగ్గించి చూపించడానికి తంటాలు పడేదీ ఆ అంకెతోనే. ప్యాకేజీ పాలసీ అంటే ఎదుటివాళ్ల నష్టానికి థర్డ్ పార్టీ, మన బండి నష్టానికి సొంత డ్యామేజీ, రెండూ కలిపినది. దాని సంగతి తెలియాలంటే పై లైన్లు చదవాలి. ఉదాహరణకి 1197 సీసీ పెట్రోలు కారు, షోరూం ధర 8 లక్షలు, మూడేళ్లు దాటింది, ఇంతవరకు క్లెయిము లేదు అనుకుందాం.

థర్డ్ పార్టీ లైన్లో బేరానికి చోటు లేదు. ఆ రేటు కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన పట్టికలో 1000 సీసీ వరకు రూ.2,094, 1500 వరకు రూ.3,416, ఆపైన రూ.7,897. ఎలక్ట్రిక్ కారుకి కిలోవాట్ల లెక్క: 30 వరకు రూ.1,780, 65 వరకు రూ.2,904. ‘మా కంపెనీలో థర్డ్ పార్టీ చౌక’ అని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయొచ్చు.

తేడాలన్నీ సొంత డ్యామేజీ లైన్లో ఉంటాయి, అంటే ఓడీలో. 2007 నుంచి దీని ధర కంపెనీల ఇష్టమే అయినా, పాత టారిఫ్ రేటు వేసి దాని మీద డిస్కౌంటు చూపించడం ఇప్పటికీ మామూలే. ఆ టారిఫ్‌లో జోన్ ఏ అంటే ఎనిమిది నగరాలు, తెలుగు నేల మీద హైదరాబాద్ ఒక్కటే. విశాఖ జోన్ బీ. మన ఉదాహరణ కారుకి రేటు, బండి ప్రస్తుత విలువ మీద (4.8 లక్షలు, లెక్క కింద ఉంది), బీలో 3.191 శాతం, ఏలో 3.283. డిస్కౌంటుకు ముందే తేడా రూ.442 మించదు. జోన్ చూసేది రిజిస్ట్రేషన్ అయిన ఊరిని బట్టి. హైదరాబాద్ నంబరు కారు విశాఖ ఎంవీపీ కాలనీలో తిరిగినా అది జోన్ ఏ బండే. దీని గురించి గొడవపడటం దండగ.

చూడాల్సింది ఐడీవీ, అంటే పాలసీలో రాసే బండి విలువ. బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం అదే. మూడు నుంచి నాలుగేళ్ల బండికి తరుగు 40 శాతం, అంటే 4.8 లక్షలు. దాన్ని 3.8కి దించి ‘చౌక’ కొటేషన్ ఇస్తారు. 60 శాతం డిస్కౌంటు, 35 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ఇచ్చే తగ్గింపు) పోయాక, జీఎస్టీతో కలిపి మీకు మిగిలేది సుమారు 980 రూపాయలు. దొంగతనమైతే పోయేది లక్ష. ఇంకో మెలిక కూడా ఉంది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద కట్టేస్తారు. 4.8 లక్షల మీద ఆ గీత 3.6 లక్షల దగ్గర ఉంటే, 3.8 మీద 2.85కే వచ్చేస్తుంది. బాగుచేయించుకోగలిగే బండి కూడా చేయిదాటిపోతుంది. ఐడీవీ దించిన కొటేషన్‌కి మా మార్కు సున్నా.

నో క్లెయిమ్ బోనస్ క్లెయిము లేని ఏడాదికొకసారి 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది, ఓడీ మీద మాత్రమే. బంపరు గీసుకుందని పరిగెత్తే ముందు లెక్క వేయండి. బంపరు 3,000, పెయింటింగ్ 3,000 అనుకోండి. జీరో డెప్ (భాగాల ధరలో తరుగు కోయకుండా చూసే అదనపు కవరు) లేకపోతే ప్లాస్టిక్‌లో సగం కోత. పెయింటింగ్ బిల్లులో పావు వంతు మెటీరియల్‌గా లెక్కగట్టి అందులో సగం కోస్తారు. 1500 సీసీ వరకు క్లెయిములో మీరే భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు రూ.1,000. చేతికొచ్చేది రూ.3,125. దానికోసం వచ్చే ఏడాది 45 శాతం బోనస్ పోతుంది, జీఎస్టీతో దగ్గరదగ్గర రూ.2,700. ఆ పై ఏడాది 50 రావాల్సింది 20 దగ్గరే ఆగుతుంది. ఇది క్లెయిము కాదు, నష్టం. పాలసీ ముగిసి 90 రోజులు దాటినా బోనస్ మొత్తం పోతుంది.

ఇక యాడ్-ఆన్లు, అంటే విడిగా డబ్బు కట్టి తీసుకునే అదనపు కవర్లు. అయిదేళ్లలోపు బండికి జీరో డెప్ తీసుకోండి. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం కోత పడకుండా కాపాడేది అదొక్కటే. అయితే టైరు ఒక్కటే పాడైతే ప్యాకేజీ పాలసీ ఇవ్వదు, బండికీ దెబ్బ తగిలి ఉండాలి.

విశాఖలో మేం రెండో చోటు ఇచ్చేది నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే ఆదుకునే ఇంజిన్ కవరుకి. వాన గట్టిగా పడితే జ్ఞానాపురం రైల్వే బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి. ఎయిర్ ఇన్‌టేక్ నుంచి నీళ్లు సిలిండర్‌లోకి చేరితే, పిస్టన్ వాటిని అణచలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వరద నష్టం ప్యాకేజీలో ఉన్నదే. కానీ నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేసి ఇంజిన్ పాడైతే, అది ఆ తర్వాత జరిగిన నష్టమని, నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ కోసేస్తాడు. కాబట్టి కీ తిప్పొద్దు, తోసి స్టార్ట్ చేయొద్దు. ఫోటోలు తీయండి, కంపెనీకి చెప్పండి, బండిని ప్లాట్‌ఫాం ట్రక్కు మీద ఎక్కించండి. ఆటోమేటిక్ అయితే తాడుతో లాగించనే కూడదు.

తుపానుకి వేరే కవరు అక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ నాడు చెట్లు పడి నలిగిన కార్లలాంటివి మామూలు ప్యాకేజీలోకే వస్తాయి. సింహాచలం ఘాట్‌లో కొండచరియలు విరిగి మీద పడినా అంతే. బీచ్ రోడ్డు ఉప్పుగాలికి పట్టే తుప్పు మాత్రం ఏ పాలసీలోనూ రాదు, అండర్‌బాడీ కోటింగ్ మీ ఖర్చే.

తాళంచెవి, సామాన్ల కవర్లు కొట్టేయొచ్చు.

సెకండ్ హ్యాండ్ కారు కొంటే పాత ఓనరు బోనస్ మీకు రాదు, అది మనిషిదే, బండిది కాదు. 14 రోజుల్లోగా పాలసీ పేరు మార్చుకుని, ఆ బోనస్ తేడా కట్టేయండి. కట్టకుండా పాత బోనస్‌తోనే రెన్యూ చేస్తే, క్లెయిము నాడు ఓడీ భాగానికి అడ్డం పడతారు. అమ్మేవాళ్లయితే బోనస్ సర్టిఫికెట్ తీసి పెట్టుకోండి, మూడేళ్లలోపు కొనే కారుకి వాడుకోవచ్చు.