పిల్లల క్యాన్సర్ వార్డులో ఏడాది కోర్సు: నాలుగు స్టార్లు

నల్గొండలో ఎంబీబీఎస్ చదువుతూ, హైదరాబాద్‌లో ఒక సంస్థ నడిపే ఈ కోర్సు చేశాను. ఫీజుకు తగ్గ విలువ ఉంది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఏఎల్ఎల్ అనే లుకేమియా, అంటే ఒక రకం రక్త క్యాన్సర్. దీని చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. మొదటి విడత మందులకే ఒక పాప లేచి తిరుగుతుంటే, దేవరకొండ నుంచి వచ్చిన వాళ్ల నాన్న "తగ్గింది గద సిస్టర్, ఇంటికి పోతం" అన్నాడు. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుందని సిస్టర్ ఓపిగ్గా చెప్పిన తీరు చూడటానికే చేరొచ్చు.

షెడ్యూలు మాత్రం ముందురోజు రాత్రి పంపుతారు, తెల్లారి బస్సు టెన్షన్ మనదే. ఒక బాబు చనిపోయిన రోజు మాతో మాట్లాడేవాళ్లే లేరు. అందుకే ఒక స్టార్ కోత.

ఇక ముందు పీడియాట్రిక్స్ (పిల్లల వైద్యం) ఎండీ, ఆపైన పీడియాట్రిక్ ఆంకాలజీ (పిల్లల క్యాన్సర్ వైద్యం) డీఎం చెయ్యాలి. దారి పొడుగే, అయినా అటే పోతాను.