కర్నూలులో ఒక సేవా క్లబ్బు సభ్యత్వం: మూడేళ్ల అనుభవంపై సమీక్ష

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరుగా పదవీ విరమణ చేసి, ఆదోని వదిలి, కర్నూలు బి క్యాంపులో ఇల్లు తీసుకున్న తొలి ఏడాది ఇంటి గడప దాటితే నన్ను పేరు పెట్టి పలకరించేవారు ఒక్కరూ లేరు. కూరగాయలకు సి క్యాంపు రైతు బజారుకు వెళ్లి రావడం, సాయంత్రం మేడ మీద కాసేపు నడవడం తప్ప రోజుకు వేరే ఆకారమే ఉండేది కాదు. నేనున్న వీధి పేరే ఈ ఊరు కొత్తవారికి కొత్త కాదని చెబుతుంది. 1953 నుంచి 1956 వరకు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజుల్లో, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఉద్యోగులకు నీడ ఇవ్వడానికి ఈ క్యాంపులు వెలిశాయి. రాజధాని హైదరాబాదుకు తరలిపోయినా పేర్లు మాత్రం మిగిలాయి. అలాంటి చోట ఉంటూ కూడా నాకు తెలిసిన మనుషులు లేరన్న దిగులు పట్టుకున్నప్పుడు, మా వీధిలోని ఒక మందుల దుకాణం యజమాని తాను సభ్యుడిగా ఉన్న సేవా క్లబ్బుకు నన్ను అతిథిగా పిలిచారు. ఈ జూలైతో నేను అందులో చేరి మూడేళ్లు నిండాయి. చేరాలా వద్దా అని తెలిసినవారు కొందరు అడుగుతున్నందున, ఆ సభ్యత్వం నాకు ఏమిచ్చిందో, ఏమివ్వలేదో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

క్లబ్బు పేరు రాయడం లేదు. మెచ్చుకోవలసిన వాటితోపాటు లోపాలు కూడా చెప్పబోతున్నాను. ఆ లోపాలు ఈ ఒక్క క్లబ్బువే కావని, మన ఊళ్లలో చాలా క్లబ్బులకు ఉన్నవేనని ఇతర క్లబ్బుల వారితో మాట్లాడాక నాకు అర్థమైంది.

ముందు ఖర్చు సంగతి. ప్రవేశ రుసుము కాక ఏడాది చందా ఆరు వేలు చెల్లించాను. అందులో కొంత జిల్లా శాఖకు, కొంత అంతర్జాతీయ సంస్థకు వెళ్లిపోతుంది. మిగిలిన దానితో క్లబ్బు నడుస్తుంది. సేవా కార్యక్రమాలకు విడిగా విరాళాలు వసూలు చేస్తారు, అవి నిర్బంధం కాదు. నెలకు రెండు సమావేశాలు, ఒక బ్యాడ్జీ, ఫోన్ నంబర్లతో ఒక సభ్యుల పుస్తకం. కాగితం మీద దొరికేది ఇంతే. దీన్ని మాత్రమే చూసి లెక్క వేసుకునేవారికి ఆ ఆరు వేలు ఎక్కువే అనిపిస్తాయి.

అసలు ఇలాంటి క్లబ్బులు పుట్టిందే సేవ కోసం కాదని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. పాల్ హారిస్ అనే న్యాయవాది చిన్న ఊళ్లో పెరిగి షికాగో నగరానికి వచ్చి, అక్కడి జనం మధ్య ఒంటరితనం అనుభవించి, తన ఊరి పలకరింపును నగరంలో వెతుక్కుంటూ 1905 ఫిబ్రవరి 23న మరో ముగ్గురితో కలిసి కూర్చోవడంతో రోటరీ మొదలైంది. ఈసారి ఒకరి కార్యాలయంలో, మరోసారి ఇంకొకరి కార్యాలయంలో వంతులవారీగా కలిసేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. తర్వాత కొన్నేళ్లకు ప్రజల కోసం మరుగుదొడ్డి కట్టించడంతో వారి సేవ మొదలైంది. అదే షికాగోలో బీమా వ్యాపారి మెల్విన్ జోన్స్, వ్యాపారుల సంఘాలు తమ లాభం దాటి ఆలోచించాలని పట్టుబట్టగా 1917లో లయన్స్ సంస్థ ఏర్పడింది. 1925లో హెలెన్ కెల్లర్ వారి మహాసభకు వచ్చి అంధుల పక్షాన నిలబడమని కోరిన నాటి నుంచి కంటి చూపు ఆ సంస్థకు ముఖ్యమైన పని అయింది. రోటరీ 1985లో పోలియో నిర్మూలనను తలకెత్తుకుంది. ఆ పోరాటంలో ఎందరెందరో కలిసి నడవగా, మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో నమోదై, 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో రహితమైనట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. ఒంటరి మనిషి తోడు వెతుక్కోవడం నుంచి ఇంత పెద్ద పని దాకా సాగిన ఈ దారి గురించి చదివాక, నేను తోడు కోసం క్లబ్బులో చేరానని చెప్పుకోవడానికి మొహమాటపడటం మానేశాను.

అయితే ఆ తోడు సమావేశాల్లో దొరకలేదు. మొదటి ఎనిమిది నెలలు నేను ఒక కుర్చీలో కూర్చొని, గంట మోగినప్పుడు లేచి, జాతీయ గీతం పాడి, భోజనం చేసి ఇంటికి వచ్చేదాన్ని. అందరూ మర్యాదగానే నమస్కరించేవారు. ఇనుప సామాను వ్యాపారులు ఒక బల్ల దగ్గర, వైద్యులు ఇంకో బల్ల దగ్గర, గుత్తేదారులు మరో బల్ల దగ్గర కూర్చునేవారు. నేను ఏ బల్లకూ చెందేదాన్ని కాదు. చందా గడువు ముగిశాక మానేద్దామని దాదాపు నిశ్చయించుకున్న సమయంలో మార్చి వచ్చింది, చలివేంద్రం పని వచ్చింది.

కర్నూలు ఎండ గురించి ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. ఏప్రిల్‌లోనే నలభై డిగ్రీలు దాటే ఊళ్లో బస్సు దిగిన మనిషికి గ్లాసెడు చల్లటి నీళ్లు ఇవ్వడం కన్నా సూటిగా అందే సాయం నాకు తెలియదు. కానీ చలివేంద్రాల విషయంలో మనందరం చూసే దృశ్యం ఒకటుంది: మొదటి రోజు పందిరి, ఎర్రగుడ్డ చుట్టిన కొత్త కుండలు, రిబ్బను, ఫోటోలు, మూడో వారానికి ఆ కుండలు బోర్లించి ఉంటాయి. మా క్లబ్బులోని ఇనుప సామాను దుకాణం పెద్దాయన అలా జరగనివ్వలేదు. ఆయన వారంలోని ఏడు రోజులను ఏడుగురికి పంచారు. నీళ్లు పోసే అమ్మకు జీతం ఇచ్చేది క్లబ్బే అయినా, ఉదయం ఎనిమిదికి నీటి క్యాన్లు వచ్చాయో లేదో చూడటం, కుండల కింది ఇసుక తడపడం, గ్లాసులు తోమి ఉన్నాయో లేదో పరిశీలించడం, మధ్యాహ్నం రెండింటికి మళ్లీ వెళ్లి నీళ్లు సరిపోతున్నాయో కనుక్కోవడం ఆ రోజు సభ్యుడి బాధ్యత. నాకు బుధవారం వచ్చింది. ప్రతి మంగళవారం రాత్రి ఆయన ఫోన్ చేసి, "మేడమ్, రేపు మీ బుధవారం, గుర్తుంది కదా?" అని అడిగేవారు. గుర్తుండేదని ఆయనకూ తెలుసు, అయినా ఒక్క వారం కూడా ఆ ఫోన్ మానలేదు. పదవీ విరమణ తర్వాత వారంలోని రోజుల మధ్య తేడా చెరిగిపోయిన నాకు, ఒక రోజు నాదిగా తిరిగి దొరికింది. ఆ వేసవిలో బస్టాండు పక్కన ఆటోడ్రైవర్లు, పళ్ల బండ్ల వాళ్లు, నీళ్లు పోసే అమ్మ నన్ను గుర్తుపట్టడం మొదలుపెట్టారు. గురువారం సభ్యుడు, మంగళవారం సభ్యురాలు క్యాన్ల లెక్క అడగడానికి ఫోన్ చేయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత సమావేశంలో ఏ బల్ల దగ్గర కూర్చోవాలన్న ప్రశ్న నాకు మళ్లీ రాలేదు.

రెండో ఏడాది ఏప్రిల్‌లో జ్వరంతో ఒక బుధవారం వెళ్లలేకపోయాను. మా అమ్మాయి ఫోన్ చేసి చెప్పేలోపే నీళ్లు పోసే అమ్మ ద్వారా సంగతి తెలిసి, గురువారం సభ్యుడు తన దుకాణం మూసి నా వంతు చేశాడు, సాయంత్రం దంపతులిద్దరూ ఇంటికి వచ్చి, "ఏం మేడమ్, పొద్దున రాకపోతిరి, ఒంట్లో బాగలేదా ఏమి?" అని అడిగి, రాగి గంజి ఇచ్చి వెళ్లారు. మనం రాకపోతే ఆ రాకపోవడం ఒకరికి కనిపించాలి. ఆరు వేల చందాకు నాకు దొరికింది అదే.

కంటి శిబిరాల గురించి కూడా చెప్పాలి. కోడుమూరు వైపు పల్లెల్లో ఏడాదికి రెండుసార్లు పెడతారు. ఉదయం పాఠశాల వరండాలో పేర్ల నమోదు, ఆరు మీటర్ల దూరంలో అక్షరాల పటంతో చూపు పరీక్ష, ఆ తర్వాత శుక్లాలు ఉన్నాయేమో చూడటం, బీపీ, షుగరు పరీక్షలు. ఎంపికైనవారిని బస్సులో ఆసుపత్రికి తీసుకువెళితే అక్కడ ఉచితంగా శస్త్రచికిత్స చేసి లెన్సు అమరుస్తారు. ఇంతవరకు అందరికీ తెలిసిందే. నాకు తెలియనిది, అక్కడికి వెళ్లాకే తెలిసింది, శిబిరంలో కష్టమైన పని ఎంపిక కానివారితో మాట్లాడటం. షుగరు ఎక్కువగా ఉందని ఆపరేషన్ వాయిదా వేసినప్పుడు, పొద్దున నుంచి ఏమీ తినకుండా కూర్చున్న ఒక అవ్వ నా చెయ్యి పట్టుకొని, "మళ్లా యాడికి రావల్ల తల్లీ, ఎవురిని అడగల్ల?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆ రోజు మా దగ్గర సమాధానం లేదు. ఎంపికైనవారి జాబితా ఉంది, వెనక్కి పంపినవారి జాబితా లేదు. దీన్ని క్లబ్బు లోపంగానే రాస్తున్నాను. మరుసటి శిబిరం నుంచి వెనక్కి వెళ్లినవారి పేర్లకు వేరే నోటు పుస్తకం పెట్టాము. షుగరు అదుపులోకి వచ్చిందో లేదో కనుక్కొని వారిని మళ్లీ పిలిపించడం, ఆపరేషన్ అయినవారు చుక్కల మందు వేసుకుంటున్నారో లేదో, వారం తర్వాత పరీక్షకు వచ్చారో లేదో చూసుకోవడం ఇప్పుడు ఒక చిన్న బృందం పని.

మా క్లబ్బులో పాత సభ్యుల అనుబంధానికి వేరే మూలం ఉంది. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రి కలిసి పాతబస్తీని ముంచేసిన రోజులవి. తమ దుకాణాలు బురదలో ఉండగానే పులిహోర పొట్లాలు కట్టి పంచినవారు, పాత దుప్పట్లు సేకరించి తిరిగినవారు మా క్లబ్బులో ఇప్పటికీ ఉన్నారు. వారిలో ఇద్దరు వ్యాపారంలో పోటీదారులు. అయినా ఒకరింటి పెళ్లికి ఇంకొకరు ముందు రోజే వెళ్లి పందిరి దగ్గర నిలబడతారు. ఆ కథలు వినడం నాకు ఎంతో ఇష్టం. కానీ ప్రతి సమావేశంలో ఆ పదిమందే ఆ రోజులు తలచుకుంటూ ఉంటే, అప్పుడు ఈ ఊళ్లో లేని మాలాంటివారు బయటివారిగా మిగిలిపోతారు. వారు కావాలని చేసేది కాదు, కాబట్టి చెప్పడమూ కష్టం.

ఇక నాకు నచ్చనివి. జూలైలో కొత్త కార్యవర్గం ప్రమాణ స్వీకారానికి అయ్యే ఖర్చు నాకు నేటికీ మింగుడుపడదు. హోటల్ హాలు, ఫ్లెక్సీలు, వేదిక మీద ఇరవై మందికి శాలువాలు, జ్ఞాపికలు, గంటన్నర పరిచయ ప్రసంగాలు. ఆ ఒక్క సాయంత్రం ఖర్చుతో చలివేంద్రం ఒక నెల నడుస్తుందని నేను లెక్క వేసి సమావేశంలో చూపించాను. ఆ ఏడాది శాలువాలు తగ్గాయి, మరుసటి ఏడాది మళ్లీ పెరిగాయి.

మహిళల విషయంలో ఇంకా మారవలసినది చాలా ఉంది. లయన్స్ 1987లో, రోటరీ 1989లో మహిళలకు సభ్యత్వం ఇచ్చాయి కాబట్టి ఇది కొత్త సంగతేమీ కాదు. అయినా మా సభ్యుల పుస్తకంలో నా పేరు కింద భర్త పేరు అచ్చు వేశారు, పురుషుల పేర్ల కింద భార్యల పేర్లు వేయలేదు. అడిగితే సరిదిద్దారు. సమావేశాలు రాత్రి ఎనిమిదిన్నరకు మొదలై పదిన్నర దాటేవి. ఒంటరిగా ఆటోలో తిరిగి వెళ్లవలసిన వారికి అది సాధ్యం కాదని మేము ముగ్గురం కలిసి చెప్పాక, నెలలో ఒక సమావేశాన్ని ఆరున్నరకు మార్చారు. రెండోది కూడా మారాలి.

అన్నిటికన్నా పెద్ద లోపం కొత్తవారికి పని ఇవ్వకపోవడం. బ్యాడ్జీ తొడిగి, చప్పట్లు కొట్టి, ఫోటో తీసి కుర్చీలో కూర్చోబెడతారు. నాతోపాటు చేరిన ఐదుగురిలో ముగ్గురు ఏడాది తిరగకముందే మానేశారు. వారికి సేవాభావం లేదని కొందరు అన్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. వారికి ఎవరూ ఒక బుధవారం ఇవ్వలేదు.

కర్నూలులో ఏదైనా సేవా క్లబ్బులో చేరాలనుకుంటే, ముందు భోజనాల సమావేశానికి కాకుండా ఒక శిబిరానికి తీసుకువెళ్లమని అడగండి. బల్లలు మోసేవారు ఎవరో, ఫోటో కోసం వచ్చి వెళ్లేవారు ఎవరో ఒక్క పూటలో తెలిసిపోతుంది. చేరాక మీ వంతు పని ఏమిటని మీరే అడగండి. మొదటి నెలలోనే ఆ సమాధానం రాకపోతే ఇంకో క్లబ్బు చూసుకోవడం మంచిది. పరిచయాల వల్ల వ్యాపారం పెరుగుతుందని చేరేవారు కూడా ఉన్నారు, కొందరికి పెరిగింది కూడా. దానికోసం చేరడం తప్పని నేను అనను, కానీ వారి అనుభవం వేరు, నేను రాస్తున్నది దాని గురించి కాదు.

ఈ జూలైలో చందా మళ్లీ కట్టాను. కొత్త సభ్యులకు చేరిన నెలలోనే పని అప్పగించాలన్న నా ప్రతిపాదనను ఈ కార్యవర్గం ఒప్పుకుంది. ముగ్గురు కొత్తవారికి కంటి శిబిరం నోటు పుస్తకంలోంచి తలొక పేజీ పేర్లు ఇచ్చాము. మొన్న సాయంత్రం అందులో ఒకరు, ఈమధ్యే బదిలీ మీద ఊరికి వచ్చిన బ్యాంకు ఉద్యోగిని, నాకు ఫోన్ చేసి, ఒక అవ్వకు మూడు రోజులుగా ఫోన్ చేస్తున్నా ఎవరూ ఎత్తడం లేదని కంగారుగా చెప్పింది. ఆ నంబరు అవ్వది కాదని, మనవడిదని, అతను చేను నుంచి ఇంటికి వచ్చేసరికి ఏడు దాటుతుందని చెప్పాను. ఏడుంబావుకు మళ్లీ ఫోన్ వచ్చింది: అవ్వ చుక్కల మందు సక్రమంగానే వేసుకుంటోందట, సోమవారం పరీక్షకు తీసుకొస్తానని మనవడు ఒప్పుకున్నాడట, తానూ ఆ రోజు ఒక గంట సెలవు పెట్టి ఆసుపత్రికి వస్తానంది.