బ్లడ్ గ్రూప్ చెప్పే చేతి మెషిన్: చాలాకాలం వాడాక

డొనేషన్ క్యాంపుల్లో టైల్ మీద (తెల్లటి పలక మీద రక్తం చుక్కకి టెస్ట్ ద్రావణం కలిపి) గ్రూపింగ్ చేసేవాళ్ళకి తెలుసు, రెండు నిమిషాలు దాటితే చుక్క అంచులు ఎండిపోయి రియాక్షన్ వచ్చినట్టే, అంటే రక్తం ముద్ద కట్టినట్టే కనపడుద్ది, పక్కవాళ్ళని పిలిచి "ఇది పాజిటివేనా" అని అడగాల్సి వస్తది. ఈ పోర్టబుల్ ఆప్టికల్ రీడర్ వచ్చాక నాకు ఆ గొడవ చాలావరకు పోయింది, రక్తం వేసే చిన్న పెట్టె, అదే క్యాట్రిడ్జ్, మూసే ఉంటుంది కాబట్టి ఎండడం లేదు.

లోపల కొత్త మాయేం లేదండి, 1901లో బ్లడ్ గ్రూపులు కనిపెట్టిన లాండ్‌స్టైనర్ చూపించిన సంగతే. యాంటీబాడీ తగిలితే దానికి సరిపోయే ఎర్రకణాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, విడివిడిగా ఉన్న కణాల్లోంచి వచ్చే వెలుతురు వేరు, ముద్దలైనవాటిలోంచి వచ్చేది వేరు, ఎల్ఈడీ ఎదురుగా ఉన్న సెన్సర్ ఆ తేడాని నంబర్‌గా చూపిస్తది. మనం కంటితో చూసేదే, కాకపోతే సాయంత్రానికి దాని కళ్ళు అలిసిపోవు.

నాకు బాగా నచ్చింది, అనుమానం ఉంటే ఊరికే గ్రూప్ పేరు చెప్పేయదు. ఒక డోనర్‌కి ఎ, బి క్లియర్‌గా వచ్చాయి, డి (పాజిటివా నెగటివా చెప్పేది) దగ్గర మాత్రం రీడింగ్ కటాఫ్ గీత పక్కనే ఊగింది, స్క్రీన్ మీద "రిపీట్" అంది, టైల్ మీద చూస్తే నెగటివ్ లాగే ఉంది. ల్యాబ్‌కి పంపి ట్యూబ్‌లో కూంబ్స్ (బలహీనమైన రియాక్షన్ని కూడా పట్టే టెస్ట్) చేస్తే పాజిటివ్, వీక్ డి అన్నమాట, అంటే డి ఉంది కానీ బలహీనంగా. డోనర్ కాబట్టి బ్యాగ్ మీద పాజిటివ్ అనే రాయాలి, నెగటివ్ పేషెంట్‌కి ఎక్కకూడదు కదా.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన క్యాట్రిడ్జ్ వెంటనే పెడితే వెలుతురు పోయే కిటికీ మీద చెమ్మ పట్టి కంట్రోల్ (మెషిన్ సరిగ్గా చదువుతోందా అని చూసుకునే చెక్) ఫెయిల్ అవుతుంది, రూమ్ టెంపరేచర్‌కి రానివ్వాల్సిందే. ఎండ నేరుగా మూత మీద పడ్డా, చిన్న గాలి బుడగ ఉన్నా అంతే. బ్యాటరీ గురించి కంప్లైంట్ లేదు.

అసలు లోటు ఏంటంటే నేను వాడేది ఫార్వర్డ్ గ్రూపింగే చేస్తుంది, అంటే ఎర్రకణాలనే చూస్తుంది, ప్లాస్మాలో ఉండే యాంటీబాడీల వైపు చూడదు, అందుకని బాంబే గ్రూప్ (ఎ, బిలే కాదు, ఓ వాళ్ళకుండే హెచ్ కూడా లేని అరుదైన గ్రూప్) మనిషి వస్తే దీనికి ఓ లాగే కనపడతాడు. రిజల్ట్ వచ్చింది కదా అని క్రాస్ మ్యాచ్ (డోనర్ రక్తం పేషెంట్ రక్తంతో కలిపి చూసే టెస్ట్) ఎగ్గొట్టే ఆలోచన ఎవరికన్నా ఉంటే మానుకోండి.

కొనేవాళ్ళు డెమోలో ఒక్కటి అడగండి, ప్రతి ఛానల్ (ఎ, బి, డి) రీడింగ్ విడిగా చూపిస్తుందా అని. ఉత్త "బి పాజిటివ్" అని అక్షరం ఒక్కటే చూపించేదైతే నేనైతే తీసుకోను.