పుట్టగొడుగు, మౌనం, పీలింగ్ షెడ్డు: యజమాని మనసు మెత్తబడాలంటే ఏది మేలు?

మా మేనల్లుడు బెంగళూరులో ఓ కంపెనీకి పెద్ద. చేతికింద నలభై మంది. మొన్న పలాస వచ్చి, కాశీబుగ్గలో టీ తాగుతూ ఓ సంగతి చెప్పాడు. నెదర్లాండ్స్ వెళ్ళి మత్తు పుట్టగొడుగుల జాతి ట్రఫుల్స్ తిన్నాడట. "ఆ ఆరు గంటలూ నేనన్నది లేదు మావయ్యా. ఆఫీసులో వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటీ కనబడ్డాయి. ఏడ్చేశాను. దయ లేని లీడరు లీడరే కాదని అప్పుడు తెలిసింది. మీరూ ఓసారి వెళ్ళండి" అన్నాడు.

నాది జీడిపప్పు ఫ్యాక్టరీ. నన్ను ఇక్కడెవరూ లీడరనరు, షావుకారంటారు. వెనకాల ఏమంటారో అది వేరే సంగతి. అయినా కుర్రాడి మాట తీసిపారేయబుద్ధి కాలేదు.

అతను తిన్నదాంట్లో పనిచేసే పదార్థం సైలోసైబిన్. 2006లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు ముప్పయ్యారు మంది ఆరోగ్యవంతులకు దాన్ని ఇచ్చి చూశారు. రెండు నెలల తర్వాత అడిగితే మూడింట రెండొంతుల మంది, తమ జీవితంలో అతి విలువైన ఐదు అనుభవాల్లో అదొకటన్నారు. చిన్న మాట కాదు. కానీ వాళ్ళు మనిషిని ముందే అన్ని విధాలా పరీక్షించారు, పక్కన తెలిసినవాళ్ళను కూర్చోబెట్టారు. ఇంట్లో ఎవరికైనా మతి చలించిన జబ్బు ఉంటే ఇలాంటి పరీక్షల్లోకి అసలు తీసుకోరు. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి దీన్ని మందుగా రాసే అధికారం ఇచ్చారు, అదీ అనుమతి ఉన్న మానసిక వైద్యులకే, మొండి డిప్రెషన్‌కే. మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నేరం, జైలు. తొలకరికి పేడ మీద లేచే పుట్టగొడుగుల్ని చూసి ఎవరికైనా సరదా పుడితే చెబుతున్నాను: వాటిలో ప్రాణం తీసేవీ ఉంటాయి. మత్తు కోసం ఉమ్మెత్త జోలికీ అసలు పోవద్దు.

చట్టం, ప్రమాదం పక్కన పెట్టినా నాకో సందేహం మిగిలింది. "నేను" కరిగిపోతే దయ దానంతటదే వస్తుందా? ఈ పుట్టగొడుగుల్ని అమెరికా జనానికి పరిచయం చేసిన గార్డన్ వాసన్, జె.పి. మోర్గాన్ బ్యాంకులో వైస్ ప్రెసిడెంటు. 1955లో మెక్సికో కొండల్లోని ఒక ఊళ్ళో మరియా సబీనా అనే నాటువైద్యురాలు ఆయనకు వాటిని పెట్టింది. 1957లో ఆయన లైఫ్ పత్రికలో రాశాడు. ఆవిడ పేరు మార్చే రాశాడు, కానీ జనం వెతుక్కుంటూ వచ్చేశారు. ఊరు అల్లరైపోయింది, పోలీసులు వచ్చారు, ఆవిడ ఇల్లు తగలబడింది. పెద్దమనిషికి దివ్యానుభవం, ముసలమ్మకు బూడిద. ఈ కథ చెబితే మావాడు టీగ్లాసు తిప్పుతూ ఊరుకున్నాడు.

రెండోది విపశ్యన, పది రోజుల మౌన ధ్యానం. ఇది నేను చేశాను, చాలా ఏళ్ళ కిందట, హైదరాబాదు దగ్గర. ఫోను అప్పగించాలి, తెల్లవారి నాలుగింటికి గంట, రుసుము లేదు. మూడు రోజులు ఊపిరినే చూడాలి, నాలుగో రోజు నుంచి అసలు పని. నాకు మోకాళ్ళు తప్ప ఇంకేమీ కనబడలేదు, అది వేరే విషయం. దీన్ని మన దేశానికి తెచ్చిన గోయెంకా బర్మాలో వ్యాపారి. మైగ్రేనుకు మార్ఫిన్ దాకా వెళ్ళి, 1955లో ధ్యానం నేర్పే ఊ బా ఖిన్ దగ్గరికి పోయాడు. తలనొప్పి కోసమైతే నేర్పనని ఆయన మొదట పంపేశాడు. ఆ గురువు సన్యాసి కాడు, బర్మా ప్రభుత్వ అకౌంటెంట్ జనరల్. తన ఆఫీసులోనే గుమాస్తాలకు ధ్యానం నేర్పేవాడు. ఆ మనిషంటే నాకు గౌరవం.

తిరిగొచ్చాక పదిహేను రోజులు ఎవరి మీదా అరవలేదు. ముక్కలైన పప్పుకి కూలి కొయ్యడం మాత్రం మానలేదు. ఇదివరకు అరుస్తూ కోసేవాణ్ణి, ఇప్పుడు ప్రశాంతంగా కోశాను.

మూడోదాన్ని నేను వెతుక్కోలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లు పడగొట్టేసింది. మా సూపర్‌వైజరు ఇంటి కప్పు ఎగిరిపోయి ఆయన రాలేదు. పని మొదలెట్టాక ఆయన బదులు పప్పు పొట్టు తీసే పీలింగ్ షెడ్డులో నేనే కూర్చున్నాను, దాదాపు నెల. ఊరికే కూర్చుంటే తోచక చిన్న చాకు పట్టుకున్నాను. బాగా ఆరిన పప్పు వేళ్ళ మధ్య నలిపితే పొట్టు రాలిపోతుంది. ఆరకపోతే అతుక్కుని ఉంటుంది, చాకుమొనతో గీకితే గుండు పప్పు కాస్తా బద్దవుతుంది, లేదా ముక్కలు. నా పళ్ళెంలో అన్నీ ముక్కలే.

పక్కనున్నావిడ చూసి చూసి అంది: "పప్పు ఆరనేదు బావూ. పొట్టు ఎలగొస్తాది? ఏటా వానల్లో ఇదే పని. మా సేతుల్లో ఏటీ నేదు, డ్రయ్యరు కాడ సూడండి."

వెళ్ళి చూస్తే నిజమే. ట్రేలు గంట ముందే లాగేస్తున్నారు, సరుకు తొందరగా దించాలని. తొందరపెట్టింది నేనే. అన్నేళ్ళూ కోత పడింది వీళ్ళ కూలికి. అదే నెలలో ఇంకోటి తెలిసింది: వారానికి రెండు రోజులు "ఎగ్గొట్టే" మనిషి ఆ రోజుల్లో భర్తను డయాలిసిస్‌కి తీసుకెళ్తోంది. ఇంటింటా కిడ్నీ జబ్బు వినబడే మన ఉద్దానంలో ఇది అడగకుండానే తట్టాల్సిన సంగతి.

శ్రీముఖలింగం దగ్గర పుట్టిన గిడుగు రామమూర్తి గారు గుర్తొస్తారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, సవర గిరిజనులకు చదువు చెప్పాలంటే ముందు తాను వాళ్ళ భాష నేర్చుకోవాలనుకున్నారు. వాళ్ళనే గురువులుగా పెట్టుకుని నేర్చుకున్నారు.

అందుకే నా ఓటు షెడ్డుకి. మౌనం రెండోది. కోపం వచ్చినప్పుడు ఒక ఊపిరి ఆగడం ఈనాటికీ దాని పుణ్యమే, కానీ డ్రయ్యరు సంగతి అది చెప్పదు. పుట్టగొడుగు డాక్టర్ల చేతిలో మందుగానే ఉండాలి. నిజంగా జబ్బున్నవాళ్ళకు అది పనికొస్తే సంతోషం.

"అయితే నేనేం చెయ్యాలి?" అన్నాడు మావాడు. మీ కస్టమర్ కేర్ ఫోను నువ్వెప్పుడైనా ఎత్తావా అంటే నవ్వాడు. సాయంత్రం షెడ్డు చూపిద్దామని తీసుకెళ్ళాను. సరదాపడి చాకు తీసుకుని అరగంట కూర్చున్నాడు. ఆవిడ పళ్ళెం ముందుకు లాక్కుని వేలితో కెలికి చూసింది. నా వైపు తిరిగి అడిగింది: "ఈ బావుకి ఎంత కోసీమంటారు?"